119 రోజుల ప్రధాని జార్జ్ కానింగ్: తేదీల తేడా, గోధుమ సుంకం లెక్క, మన జిల్లాల ముచ్చట

ప్రశ్నార్థకం
వ్యాసం రాద్దామని బ్రిటన్ ప్రధాని జార్జ్ కానింగ్ గురించి చూస్తుంటే ఒక్కో చోట ఒక్కో మాట ఉంది. ప్రధాని అయింది 1827 ఏప్రిల్ 10 అని ఒకచోట, 12 అని మరోచోట. 1857 తిరుగుబాటు నాటి లార్డ్ కానింగ్ ఈయనే అని కొన్ని పరీక్షల గైడ్లు రాస్తున్నాయి. ఈ రెండూ తేల్చండి. ఇంకో సందేహం: నాలుగు నెలలు కూడా పదవిలో లేని మనిషికి చరిత్రలో ఇన్ని పేజీలు ఎందుకు?

పాతకాగితం
గైడు తప్పుతోనే మొదలుపెడదాం. 1857లో గవర్నర్ జనరల్‌గా ఉన్నది కొడుకు, చార్లెస్ జాన్ కానింగ్. పుట్టింది 1812 డిసెంబరులో. తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్ల పిల్లవాడు. 1856లో కలకత్తా వచ్చాడు, 1858లో మొదటి వైస్రాయ్ అయ్యాడు, 1862 దాకా ఉన్నాడు. బెంగాల్లో కానింగ్ అనే ఊరి పేరు కూడా కొడుకుదే. తండ్రి జార్జ్ కానింగ్ మన దేశంలో కాలు పెట్టనే లేదు. పెట్టబోయి ఆగిపోయాడు, ఆ కథ తర్వాత చెబుతాను.

తేదీల సంగతి. ఏప్రిల్ 10న నాలుగో జార్జ్ రాజు పిలిచి ప్రభుత్వం కట్టమన్నాడు. 12న కామన్స్ సభలో (పార్లమెంటు దిగువ సభ) ఆయన స్థానానికి ఉప ఎన్నిక ఉత్తర్వు కోరారు, పదవి స్వీకారం సభకు తెలిసింది అప్పుడే. అందుకే ఎక్కువమంది 12 నుంచే లెక్కిస్తారు. చనిపోయింది ఆగస్టు 8న.

చిల్లరలెక్క
ఆ 119 ఎలా వస్తుందో వేసి చూపిస్తాను. ఏప్రిల్ 12 నుంచి 30 దాకా రెండు చివరలూ కలిపి 19. మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్టు 8. మొత్తం 119. మొదటి రోజు వదిలేస్తే 118, ఏప్రిల్ 10 నుంచి ఎత్తుకుంటే 121. ఎవరు ఏ అంకె రాసినా ముందు ఏ రోజు నుంచి లెక్కపెట్టారో చూడండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇంకో మెలిక. "అతి తక్కువ కాలం" అన్నప్పుడు అది జీవితం మొత్తంలో ప్రధానిగా ఉన్న కాలం. ఒక్క విడత లెక్కే అయితే 1834లో వెల్లింగ్టన్ డ్యూక్ ఆపద్ధర్మంగా మూడు వారాలకు పైచిలుకు నడిపాడు. కానీ ఆయనకు అంతకుముందు 1828 నుంచి 1830 దాకా పూర్తి పదవీకాలం ఉంది. కాబట్టి రికార్డు కానింగ్‌దే. దాన్ని 2022లో లిజ్ ట్రస్ 49 రోజులతో బద్దలు కొట్టింది.

వాదప్రియ
రికార్డు పోయాక కూడా ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం అంటే ఏదో ఉండే ఉంటుంది :) కానీ ఆ ఏదో ప్రధాని పదవిలో లేదని నా వాదన. మనిషిని తూచాల్సింది విదేశాంగ శాఖలో. 1807 నుంచి 1809, మళ్ళీ 1822 నుంచి 1827. ఆ 119 రోజులు చివర తగిలించిన తోక.

పాతకాగితం
ఒప్పుకుంటాను, సగమే. ఆ తోకలోనే ఆయన టోరీ పార్టీ రెండుగా చీలింది. అయినా ముందునుంచి రావాలి.

పుట్టింది 1770 ఏప్రిల్ 11న లండన్‌లో. తండ్రి ఉత్తర ఐర్లండ్‌లోని గార్వాకు చెందినవాడు, ఇంట్లోవాళ్ళు ఆస్తి ఇవ్వకుండా వెళ్ళగొట్టారు. సరిగ్గా కొడుకు మొదటి పుట్టినరోజునాడే, 1771 ఏప్రిల్ 11న, అప్పుల్లో చనిపోయాడు. తల్లి మేరీ ఆన్ కాస్టెల్లో బతుకుతెరువుకి నాటకాల్లో చేరింది. ఆ రోజుల్లో నటి అంటే పరువుగల ఇంట గడప తొక్కనివ్వరు. పిల్లవాణ్ణి బాబాయి స్ట్రాట్‌ఫర్డ్ కానింగ్ తీసుకున్నాడు, ఆయన లండన్‌లో బ్యాంకరు. ఈటన్, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్, 1793లో అప్పటి ప్రధాని పిట్ చలవతో న్యూటౌన్ సీటు. వైట్ దీవిలోని ఆ నియోజకవర్గంలో ఓటర్లను వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు.

తల్లిని మాత్రం వదల్లేదు. వారం వారం ఉత్తరం రాసేవాడు, తనకు రావాల్సిన పింఛను ఆమె పేర రాయించాడు. ఆమె 1827 మార్చిలో బాత్ పట్టణంలో పోయింది. కొడుకు ప్రధాని కావడం నెల రోజుల్లో తప్పిపోయింది.

నడిరేయి
ఆ "నటి కొడుకు" ముద్ర జీవితాంతం వదల్లేదు. నటి కొడుకు ప్రధాని పదవికి పుట్టుకతోనే అనర్హుడని ఎర్ల్ గ్రే అన్నట్టు చెప్పుకుంటారు. గ్రే టోరీలకు ఎదురైన విగ్గు పార్టీవాడు, సంస్కరణవాది అని పేరు. వంశం దగ్గరికి వచ్చేసరికి సంస్కరణ గుమ్మం బయటే ఆగిపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1800 జూలైలో జోన్ స్కాట్‌ను పెళ్ళాడాడు. ఆమె వెంట వచ్చిన ఆస్తి లక్ష పౌన్లు. ఆమె అక్క భర్త తర్వాత పోర్ట్‌లండ్ డ్యూక్ అయ్యాడు. సొంత భూమి లేని మనిషికి ఆ కాలపు పార్లమెంటులో నిలబడటానికి ఇదే ఊతం.

ప్రశ్నార్థకం
తోటి మంత్రితో తుపాకులు పేల్చుకున్నారట కదా? నిజంగా మంత్రులేనా ఇద్దరూ?

పాతకాగితం
నిజంగా మంత్రులే. అయితే కాల్చుకునే నాటికి ఇద్దరూ దిగిపోతూ ఉన్నారు.

1809. ప్రధాని పోర్ట్‌లండ్ డ్యూక్ (జోన్ అక్క మామగారు) జబ్బు మనిషి. కానింగ్ విదేశాంగం, కాజిల్‌రే యుద్ధశాఖ. యుద్ధం నడిపే తీరు నచ్చక కానింగ్ వసంతకాలంలోనే ప్రధానికి చెప్పేశాడు: ఆయన్ని ఆ శాఖ నుంచి మార్చండి, లేకపోతే నేను వెళ్తాను. పోర్ట్‌లండ్ సరేనన్నాడు, రాజుకూ తెలుసు. తెలియంది ఒక్క కాజిల్‌రేకే. నెలల తరబడి ఆ మనిషి డచ్చి తీరంలోని వాల్‌కెరెన్ దండయాత్రకు ఏర్పాట్లు చేస్తూనే ఉన్నాడు, పక్క కుర్చీలవాళ్ళు తన పదవి పంచుకుంటున్నారని తెలియకుండా. దండయాత్ర పాడైంది, సెప్టెంబరులో గుట్టు బయటపడింది.

సెప్టెంబరు 21 తెల్లవారుజామున లండన్ శివారు పట్నీ హీత్ మైదానం. కానింగ్ అంతకుముందు పిస్తోలు కాల్చి ఎరగడు. మొదటి విడత ఇద్దరిదీ గురి తప్పింది. అక్కడితో ఆపుకోవచ్చు, కాజిల్‌రే ఒప్పుకోలేదు. రెండో విడతలో కానింగ్ గుండు కాజిల్‌రే కోటు గుండీకి తగిలింది, కాజిల్‌రే గుండు కానింగ్ తొడలోంచి పోయింది.

వాదప్రియ
ఇక్కడ కానింగ్‌ని వెనకేసుకు రాకండి. ఆయన అభిమానులు "రహస్యంగా ఉంచమంది రాజూ పోర్ట్‌లండూ, ఆయన కాదు" అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ నెలలన్నీ అదే బల్ల దగ్గర కూర్చుని కాజిల్‌రేతో రోజూ మాట్లాడింది ఎవరు? "ఇతన్ని నమ్మలేం" అనే మాట అప్పుడు అంటుకుంది. 1827లో ఆయనతో పనిచేయం అని మంత్రులు లేచిపోయినప్పుడు పైకి చెప్పిన కారణం కేథలిక్కుల హక్కులు. కడుపులో ఉన్నది పట్నీ హీత్ కూడా.

నడిరేయి
దానికి తోడు 1812 పొరపాటు. లార్డ్ లివర్‌పూల్ ప్రధాని అయ్యాక విదేశాంగ శాఖ ఇస్తానన్నాడు. కామన్స్‌లో సభానాయకత్వం మాత్రం కాజిల్‌రే దగ్గరే ఉంటుందన్నాడు. కానింగ్ కాదనుకున్నాడు. ఆ తర్వాత మూడేళ్ళలో నెపోలియన్ ఓడిపోవడం, వియన్నా మహాసభ, యూరప్ పటం తిరగరాయడం, అన్నీ కాజిల్‌రే చేతుల మీదుగా నడిచాయి. కానింగ్ లిస్బన్‌లో రాయబారిగా ఉన్నాడు. 1816లో తిరిగి వచ్చి తీసుకున్న పదవి బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షత. అంటే భారత వ్యవహారాల మంత్రి.

గుత్తికోట
నేను ఎదురుచూస్తున్నది ఇదే. రాయలసీమ వాళ్ళకు కానింగ్ పేరు తెలియాల్సింది ఇక్కడ.

ముందు ఆ బోర్డు పనిచేసే తీరు తెలియాలి. 1784 పిట్ చట్టం ప్రకారం వ్యాపారం, నియామకాలు ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లవి, పరిపాలన మీద అజమాయిషీ బోర్డుది. మద్రాసుకో కలకత్తాకో వెళ్ళాల్సిన ఉత్తరం లెడెన్‌హాల్ వీధిలో కంపెనీ గుమాస్తాలు చిత్తు రాస్తారు. అది అధికారికంగా వెళ్ళే ముందే ఒక కాపీ బోర్డుకు అనధికారంగా చూపించుకుంటారు, తర్వాత తగువు రాకుండా. బోర్డు దిద్దుతుంది, కొట్టేస్తుంది, కొత్త పేరాలు చేరుస్తుంది. దిద్దినదాన్ని డైరెక్టర్లు తమ సంతకాలతోనే పంపాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా. యుద్ధం, సంధి లాంటివైతే ముగ్గురు డైరెక్టర్ల రహస్య కమిటీ ద్వారా నేరుగా వెళ్తాయి. చిత్తు నుంచి మద్రాసులో జవాబు అంది, అది తిరిగి లండన్ చేరేసరికి ఏడాది దాటడం మామూలు. అందుకే లండన్‌లో కూర్చున్నవాడు పని చేయించుకోవాలంటే ఉన్న దారి ఒకటే, సరైన మనిషిని గవర్నరుగా పంపడం.

కానింగ్ అదే చేశాడు. గవర్నరు పదవులకు ఇంగ్లండులోని పెద్దింటివాళ్ళను పంపడం అలవాటు. ఆయన మాల్కం, ఎల్ఫిన్‌స్టన్, మన్రో పేర్లు ముందుకు తెచ్చాడు. ముగ్గురూ ఇక్కడే పని నేర్చినవాళ్ళు. బొంబాయికి ఎల్ఫిన్‌స్టన్, మద్రాసుకు థామస్ మన్రో. 1819 మార్చి 4న కామన్స్‌లో మన్రోని పొగిడిన పొగడ్త ప్రసిద్ధం: ఇంతకంటే నేర్పరి అయిన రాజనీతిజ్ఞుణ్ణి యూరప్ కనలేదు, వీరులకు కొదవలేని భారతదేశం ఇంతకంటే సమర్థుడైన సైనికుణ్ణి కనలేదు అని. ఐదారు వందల మందితో మరాఠా భూభాగంలోకి వెళ్ళి తొమ్మిది కోటలు తీసుకున్నాడన్నది ఆ పొగడ్తకు కారణం.

చిల్లరలెక్క
మన్రో దత్తమండలాల కలెక్టరుగా చేసింది 1800 నుంచి 1807 కదండీ? నిజాం ఇచ్చిన బళ్ళారి, కడప ప్రాంతాలు. రైతువారీ పద్ధతి (నేరుగా రైతు దగ్గరే శిస్తు వసూలు) పాఠాలు అక్కడివే. అంటే కానింగ్ పంపింది ఆ పద్ధతికి పెద్ద దిక్కైన మనిషిని.

గుత్తికోట
అవును. మద్రాసు గవర్నరుగా 1820లో బాధ్యత తీసుకున్నాడు. తర్వాత రైతువారీ మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పాకింది. ఆ పద్ధతిలో శిస్తు బరువు ఎంత, ఎవరి మీద పడింది అన్నది వేరే చర్చ, అక్కడికి పోతే ఈ దారం తెగిపోతుంది.

తేదీ ఒకటి చూడండి. మన్రో తన పాత జిల్లాలకు వీడ్కోలు చెప్పడానికి బయలుదేరి పత్తికొండలో కలరాతో పోయింది 1827 జూలై 6. అదే రోజు లండన్‌లో కానింగ్ ప్రభుత్వం గ్రీకులకూ తుర్కులకూ మధ్య పోరు ఆపడానికి ఫ్రాన్సు, రష్యాలతో ఒప్పందం మీద సంతకం చేసింది. మన్రోని ముందు గుత్తిలోనే పూడ్చి, తర్వాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఓడ ఆఫ్రికా చుట్టి వెళ్ళాలి కాబట్టి ఆ కబురు లండన్ చేరేసరికి కానింగే లేడు.

తూర్పుతీరం
కోస్తా వాళ్ళకూ వాటా ఉంది. 1824 మార్చి 17న లండన్‌లో కుదిరిన ఆంగ్లో-డచ్ ఒప్పందం మీద బ్రిటన్ తరఫున సంతకాలు రెండు: విదేశాంగ మంత్రిగా కానింగ్, బోర్డు అధ్యక్షుడిగా విలియమ్స్ విన్. సింగపూర్ బ్రిటిష్‌వాళ్ళకు ఖాయమైంది ఇందులోనే కాబట్టి అందరూ దాని గురించే రాస్తారు. ఎనిమిదో అధికరణం మనది. భారత భూఖండం మీద డచ్చివాళ్ళకున్న స్థావరాలన్నీ ఇచ్చేయాలి. అంటే భీమునిపట్నం, కాకినాడ పక్క జగన్నాథపురం, పాలకొల్లు, ఇంకా కింద పులికాట్, సద్రాస్. అప్పగింతకు పెట్టిన గడువు 1825 మార్చి 1. పైగా 1825 ముగిసేలోగా నెదర్లాండ్స్ లక్ష పౌన్లు కట్టాలి. భీమిలిలో డచ్చి సమాధులు చూసినప్పుడు "వీళ్ళెందుకు వెళ్ళిపోయారు" అని అడిగేవాళ్ళకు జవాబు ఈ కాగితం.

నడిరేయి
డచ్చివాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న పిట్టకథ. 1826 జనవరిలో హేగ్‌లోని రాయబారి సర్ చార్లెస్ బాగట్‌కు కానింగ్ సంకేత లిపిలో అత్యవసర ఉత్తరం పంపాడు. కిందా మీదా పడి విప్పితే లోపల ఉన్నది ప్రాసలతో పద్యం. వ్యాపారంలో డచ్చివాడి తప్పేమిటంటే ఇచ్చేది తక్కువ, అడిగేది ఎక్కువ. కాబట్టి వాళ్ళ ఓడల మీద ఇరవై శాతం వడ్డించండి అని. సుంకం మాత్రం నిజమే! కుర్రతనంలో పిట్ పక్షాన వ్యంగ్య వారపత్రిక నడిపిన చెయ్యి, ముసలితనంలోనూ దురద పోలేదు.

ప్రశ్నార్థకం
గవర్నర్ జనరల్ పదవి దాకా వచ్చి ఆగిపోయాడన్నారు?

పాతకాగితం
నాలుగో జార్జ్ తన భార్య కరొలైన్ మీద విడాకుల విచారణ పెట్టించాడు. కానింగ్‌కు ఆమెతో పాత స్నేహం. అందులో పాలుపంచుకోలేక 1820 డిసెంబరులో రాజీనామా చేశాడు, 1821 జనవరికి బోర్డు వదిలాడు. రాజుకు కోపం. 1822లో డైరెక్టర్లు గవర్నర్ జనరల్‌గా ఎన్నుకున్నారు. ఏడాదికి 25,000 పౌన్ల జీతం, అప్పులు తీరుతాయి, కొడుకులకు ఏదైనా మిగులుతుంది. సామాను సర్దుకుని లివర్‌పూల్ పట్టణ ఓటర్ల దగ్గర సెలవు తీసుకునే దశలో, ఆగస్టు 12న కాజిల్‌రే కత్తితో గొంతు కోసుకుని చనిపోయాడు. విదేశాంగమూ కామన్స్ సభానాయకత్వమూ రెండూ ఖాళీ. 1812లో దొరకనిది ఇప్పుడు ఒకే ముల్లెలో దొరికింది. సెప్టెంబరులో పదవి తీసుకున్నాడు. కలకత్తాకు బదులుగా వెళ్ళింది ఆమ్‌హర్స్ట్.

ఆ తర్వాతి ఐదేళ్ళే వాదప్రియ గారు చెప్పిన అసలు సరుకు. 1823లో ఫ్రాన్సు స్పెయిన్‌లో సైన్యం దింపింది. దక్షిణ అమెరికా వలసల జోలికి మాత్రం రామని అక్టోబరులో ఫ్రెంచి రాయబారి పొలిన్యాక్ చేత కాగితం రాయించుకున్నాడు. తమ ఖండాల జోలికి యూరప్ రావొద్దన్న అమెరికా మన్రో సిద్ధాంతం దానికి రెండు నెలల తర్వాతది (ఈ మన్రో వేరు, పత్తికొండ మన్రో వేరు, కలపకండి). 1824 డిసెంబరులో మెక్సికో, కొలంబియా, బ్యూనస్ అయిరెస్ గుర్తింపుకు క్యాబినెట్‌ను ఒప్పించాడు. రాజుకు ఇది ఎంత ఇష్టం లేదంటే, 1825 ఫిబ్రవరి ప్రసంగం చదవనన్నాడు. కీళ్ళనొప్పి, పైగా కట్టుడు పళ్ళు కనబడలేదని సాకు. అదే మాట అసలు ఇష్టం లేని లార్డ్ ఛాన్సలర్ ఎల్డన్ లేచి చదవాల్సి వచ్చింది.

వాదప్రియ
1826 డిసెంబరు 12 ప్రసంగంలో "పాత ప్రపంచపు తూకం సరిచేయడానికి నేనే కొత్త ప్రపంచాన్ని ఉనికిలోకి పిలిచాను" అన్నాడు చూడండి, ఆ "నేనే" మీద నాకు అభ్యంతరం. పెరూలో అయాకూచో యుద్ధం 1824 డిసెంబరు 9న జరిగింది. స్పెయిన్ సైన్యాన్ని కూల్చింది అక్కడి జనం. లండన్ చేసింది గుర్తింపు ముద్ర వేయడం, ఫ్రాన్సు అడ్డం రాకుండా నౌకాదళాన్ని చూపించడం. అది చిన్న పని కాదు. సృష్టి మాత్రం కాదు.

చిల్లరలెక్క
ఇక 119 రోజులకు వద్దామా? అసలు లెక్కలు అక్కడున్నాయి.

పాతకాగితం
వద్దాం. 1827 జనవరి 5న రాజు తమ్ముడు యార్క్ డ్యూక్ పోయాడు. 20వ తేదీ రాత్రి విండ్సర్ చర్చిలో అంత్యక్రియలు. ఎముకలు కొరికే చలి, రాతి నేల మీద గంటల కొద్దీ నిలుచోవడం. ముసలి ఎల్డన్ టోపీ తీసి పాదాల కింద వేసుకుని నిలబడ్డాడు. లింకన్ బిషప్ ఆ చలిజబ్బుతో ఫిబ్రవరిలో చనిపోయాడు. కానింగ్ మంచం పట్టాడు, ఇక పూర్తిగా కోలుకోలేదు.

ఫిబ్రవరి 17న ప్రధాని లివర్‌పూల్‌కు పక్షవాతం. పదిహేనేళ్ళు ఈ క్యాబినెట్‌ను కలిపి ఉంచింది ఆ మనిషి. ఆయన పద్ధతి: కేథలిక్కులకు పార్లమెంటు ప్రవేశం అనేది "తెరిచి ఉంచిన ప్రశ్న", ఎవరి ఓటు వాళ్ళిష్టం, ప్రభుత్వంగా మాత్రం కదపం. మార్చి 6న కామన్స్‌లో ఆ తీర్మానం 276-272తో ఓడింది. నాలుగు ఓట్లు! కానింగ్ అనుకూలం, హోం మంత్రి పీల్, వెల్లింగ్టన్, ఎల్డన్ వ్యతిరేకం. కేథలిక్కుల పక్షపాతి ప్రధాని అయితే "తెరిచిన ప్రశ్న" ఒకవైపు ఒరిగిపోతుందని వాళ్ళ భయం.

ఏప్రిల్ 10న కానింగ్ వెల్లింగ్టన్‌కు ఉత్తరం రాశాడు, ప్రభుత్వంలో ఉండమని. అందులో ప్రధాని ఎవరో రాయలేదు. "ఎవరి నాయకత్వం కింద?" అని డ్యూక్ తిరిగి అడిగాడు. ప్రభుత్వం కట్టమని రాజు ఎవరికి చెబితే వాళ్ళే నాయకుడని మామూలుగా అర్థం చేసుకుంటారు కదా అని కానింగ్ జవాబు. డ్యూక్‌కు అది చురకలా తగిలింది. మంత్రి పదవితో పాటు సర్వసైన్యాధిపత్యం కూడా వదిలేశాడు. పీల్, ఎల్డన్, బాథర్స్ట్, వెస్ట్‌మోర్లండ్, మెల్విల్ వరస కట్టారు. బెక్స్‌లీ రాజీనామా ఇచ్చి వెనక్కి తీసుకున్నాడు.

ప్రశ్నార్థకం
అంతమంది వెళ్ళిపోతే ప్రభుత్వం ఎలా నిలబడింది?

పాతకాగితం
విగ్గులను పిలిచి. లాన్స్‌డౌన్ ముందు శాఖ లేకుండా చేరి జూలైలో హోం శాఖ తీసుకున్నాడు. టియర్నీకి టంకశాల. లిండ్‌హర్స్ట్ లార్డ్ ఛాన్సలర్. గోడ్రిచ్‌కు యుద్ధమూ వలసలూ, ప్రభువుల సభలో నాయకత్వం. క్లారెన్స్ డ్యూక్‌ను, అంటే తర్వాతి నాలుగో విలియమ్‌ను, లార్డ్ హై అడ్మిరల్ చేసి రాజకుటుంబాన్ని వెనకేసుకున్నాడు. ఆర్థికశాఖ తనే పెట్టుకున్నాడు, జూన్ 1న బడ్జెట్ చదివింది ఆయనే. ప్రధాని పని, ఆర్థికం, కామన్స్ నాయకత్వం, మూడూ ఒక రోగిష్టి నెత్తిన.

విగ్గుల్లో గ్రే కలవలేదు. మే నెలలో ప్రభువుల సభలో ఏకిపారేశాడు. కానింగ్ లేచి జవాబివ్వలేడు, తనది కామన్స్.

చిల్లరలెక్క
చిన్న చేర్పు. అప్పటి చట్టం ప్రకారం లాభసాటి పదవి తీసుకున్న సభ్యుడి సీటు ఖాళీ అవుతుంది, మళ్ళీ గెలిచి రావాలి. కానింగ్ న్యూపోర్ట్ వదిలి సీఫర్డ్ నుంచి వచ్చాడు. సభను మే 1 దాకా వాయిదా వేసింది ఇందుకు కూడా. అంటే 119లో మొదటి రోజు పోగా తర్వాతి 18 రోజులు పార్లమెంటు లేదు. జూలై 2న సమావేశాలు ముగిశాయి. ప్రధానిగా ఆయన పార్లమెంటును ఎదుర్కొన్నది రెండు నెలల పైచిలుకే.

ఇక గోధుమ బిల్లు. 1815 చట్టం ప్రకారం క్వార్టర్ గోధుమ ధర 80 షిల్లింగులు దాటేదాకా విదేశీ గోధుమ అమ్మకానికి రాకూడదు. (క్వార్టర్ అంటే 8 బుషెళ్ళు, సుమారు 290 లీటర్ల కొలత.) అందువల్ల ఓడల్లో వచ్చిన గింజ సుంకం గోదాముల్లో తాళం వేసుకుని కూర్చునేది. ధర గీత దాటగానే ఒక్కసారిగా వరదలా వచ్చి పడేది. కొత్త బిల్లు నిషేధం తీసేసి జారుడు సుంకం పెట్టింది:

ధర 60 షిల్లింగులైతే సుంకం 20. ధర ఒక షిల్లింగు పెరిగితే సుంకం 2 తగ్గుతుంది, తగ్గితే 2 పెరుగుతుంది. 65 దగ్గర 10. 69 దగ్గర 2. 70కి చేరితే నామమాత్రం 1. కిందకి చూస్తే 55 దగ్గర 30.

కిటుకు ఆ "ఒకటికి రెండు"లో ఉంది. ధర ఐదు పెరిగేదాకా ఆగితే వ్యాపారికి అమ్మకంలో 5, సుంకంలో 10, కలిపి 15 షిల్లింగులు లాభం. అంటే ఈ స్కేలు కూడా గింజను గోదాములో ఆపుకోమనే చెబుతోంది. నిషేధం కంటే మేలే, లోపం లేనిది మాత్రం కాదు.

వాదప్రియ
బాగా పట్టుకున్నారు. ఆ లోపాన్ని వెల్లింగ్టన్ కూడా తన పద్ధతిలో పట్టుకున్నాడు. గోదాములో ఉన్న గింజను ధర 66 దాటేదాకా బయటికి వదలొద్దని ప్రభువుల సభలో సవరణ పెట్టాడు. జూన్ 1న 78-74తో నెగ్గింది, 12న 133-122తో ఖాయమైంది. దాంతో 66 కింద పాత నిషేధం దొడ్డిదారిన తిరిగొచ్చినట్టే కదా. ప్రభుత్వం బిల్లు వదిలేసింది. తమాషా ఏమిటంటే సవరణకు ప్రభుత్వం అడ్డు చెప్పదని డ్యూక్ నమ్మాడు, కారణం వాణిజ్య మంత్రి హస్కిసన్ రాసిన ఒక ఉత్తరం. హస్కిసన్ ఒకటి రాస్తే డ్యూక్ ఒకటి చదువుకున్నాడు. ఏడాది తిరక్కుండా 1828లో వెల్లింగ్టన్ ప్రభుత్వమే జారుడు సుంకం చట్టం తెచ్చింది, 1 షిల్లింగు గీతను 73కి జరిపి.

నడిరేయి
ఆ ఓటమి కానింగ్‌ను నమిలేసింది. జూలై 6న గ్రీసు ఒప్పందం అయింది. తుర్కులు నెలలోగా కాల్పుల విరమణకు ఒప్పుకోకపోతే ఏం చేయాలో రహస్య అధికరణంలో ఉంది. ఆ రహస్యం కొద్ది రోజుల్లోనే పత్రికకెక్కింది. దాని ఫలితం అక్టోబరు 20న నవారినో సముద్రయుద్ధం, అది చూడటానికి ఈయన లేడు.

జూలై 20న విశ్రాంతి కోసం డెవన్‌షైర్ డ్యూక్ ఇల్లు చిజ్విక్ హౌస్‌కు వెళ్ళాడు. 30న విండ్సర్‌లో రాజును కలిశాడు, అదే ఆఖరు. కాలేయం, ఊపిరితిత్తుల వాపు. ఆగస్టు 8న తెల్లవారకముందే పోయాడు, 57 ఏళ్ళు. 1806లో చార్లెస్ జేమ్స్ ఫాక్స్ పోయింది కూడా ఆ ఇంట్లోనే. 16న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పిట్ దగ్గర పూడ్చారు.

ప్రశ్నార్థకం
బతికుంటే నిలిచేదా ఆ ప్రభుత్వం?

వాదప్రియ
కష్టం. టోరీలు సగం, విగ్గులు సగం, రాజేమో కేథలిక్కుల ప్రశ్న కదపొద్దనే షరతు. అడకత్తెరలో పోకచెక్క. తర్వాత అదే కూటమిని గోడ్రిచ్ చేతిలో పెడితే ఏమైందో చూశాం. 1827 ఆగస్టు 31 నుంచి 1828 జనవరి దాకా ప్రధాని, ఒక్కరోజు కూడా పార్లమెంటు ముందుకు రాలేదు.

పాతకాగితం
గోడ్రిచ్‌తో పోల్చడం సరికాదు. మంత్రుల తగువు తీర్చలేక చేతులెత్తేసిన మనిషి ఆయన. కానింగ్‌కు కామన్స్ మీద పట్టు ఉంది, మే నుంచి జూలై దాకా అక్కడ ప్రభుత్వం పడిపోయే పరిస్థితి రాలేదు. దెబ్బ తగిలింది ప్రభువుల సభలో. నా అనుమానం 1828 సమావేశాల దాకా లాగేవాడని. కేథలిక్కుల ప్రశ్న దగ్గర రాజుతో తెగిపోయేది. ఆ చట్టం 1829లో వచ్చింది, తెచ్చింది ఎవరో తెలుసుగా? దాని పేరు చెప్పి కానింగ్‌ను వదిలిపోయిన వెల్లింగ్టన్, పీల్.

తూర్పుతీరం
ప్రశ్నార్థకం గారూ, వ్యాసంలో ఒక్క జాగ్రత్త. జార్జ్ కానింగ్‌ను "లార్డ్" అని రాయకండి. ఆయనకు బిరుదు లేదు, చివరిదాకా కామన్స్ సభ్యుడే. 1828 జనవరిలో వైకౌంటెస్ బిరుదు ఇచ్చింది భార్య జోన్‌కు. అది ఆమె తర్వాత చార్లెస్‌కు వచ్చింది. గైడ్లలో తండ్రీకొడుకులు కలిసిపోవడం ఆ "లార్డ్" దగ్గరే మొదలవుతోంది.

ప్రశ్నార్థకం
దిద్దుకున్నాను. ఏప్రిల్ 12 అనే రాసి, రాజు పిలిచింది 10న అని పక్కన చేరుస్తున్నాను. గుత్తికోట గారూ, పత్తికొండలో మన్రో గుర్తుగా ఏమైనా ఉందా?

గుత్తికోట
ఆయన పోయినచోట అప్పటి ప్రభుత్వం బావి తవ్వించి, చింతచెట్లు నాటించింది. గుత్తిలో కూడా ఆయన పేర సత్రం కట్టారు.